నెలసరి: దేహధర్మం, హైజ్–ఇస్తిహాజా తేడా

పల్నాటి నల్లరేగడి భూములు పత్తికి, మిరపకు పేరుపడినవి. నరసరావుపేట, మాచర్ల, గురజాల పరిసరాల్లో పత్తి తీసే చేతులు ఎక్కువగా స్త్రీలవే. దూది ఏకడమే వృత్తిగా జీవించిన ముస్లిం కుటుంబాలూ ఇక్కడివారికి తెలిసినవే. ఆ దూదికి ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని ఒక అధ్యాయంతో సంబంధం ఉంది. మదీనా స్త్రీలు పసుపు వన్నె అంటిన దూదిని చిన్న పెట్టెలో ఉంచి హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు పంపి, నమాజు విషయమై అడిగేవారు. తెల్లని స్రావం కనిపించేవరకు తొందరపడవద్దని ఆమె చెప్పేవారు. ఇమామ్ మాలిక్ (రహ్మ) 'ముఅత్తా'లో ఈ ఉదంతం ఉంది. నెలసరి గురించి అడగడం సిగ్గుమాలిన పని కాదని దీనివల్ల తెలుస్తోంది.

వైద్యశాస్త్రం ప్రకారం రక్తస్రావం మొదలైన రోజునుండి మళ్ళీ మొదలయ్యే రోజువరకు ఒక చక్రం. వయసు వచ్చిన స్త్రీలలో ఇది 21 నుండి 35 రోజులు ఉండవచ్చు. 28 రోజులన్నది సగటు మాత్రమే. పెద్దమనిషైన కొత్తలో ఆడపిల్లలకు 45 రోజుల వరకు ఎడం రావడం కద్దు. రక్తస్రావం సాధారణంగా 2 నుండి 7 రోజులు ఉంటుంది.

చక్రం మధ్యలో అండం విడుదలయ్యే వేళ గుడ్డులోని తెల్లసొన వలె సాగే స్రావం కనిపిస్తుంది. అది జబ్బు కాదు. దానికి గుస్ల్ అవసరం లేదు. ఆ తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పెరిగి, దేహపు వేడి సుమారు అర డిగ్రీ సెల్సియస్ వరకు హెచ్చుతుంది. రొమ్ములు సలపడం, పొట్ట ఉబ్బరం, చిరాకు కూడా కలుగవచ్చు. గర్భం నిలవకపోతే హార్మోన్లు తగ్గి, గర్భాశయపు లోపలి పొర రాలిపోతుంది. దాన్ని బయటికి పంపడానికి గర్భాశయం ముడుచుకుంటుంది కనుకనే కడుపునొప్పి, నడుమునొప్పి వస్తాయి.

షరీఅత్ కూడా మామూలు స్రావాన్ని, అసాధారణ స్రావాన్ని వేరుచేసింది. మొదటిది హైజ్, రెండవది ఇస్తిహాజా. హనఫీ పండితుల ప్రకారం హైజ్ కనీసం 3 రోజులు, అత్యధికంగా 10 రోజులు; రెండు హైజ్‌ల మధ్య శుద్ధికాలం కనీసం 15 రోజులు. షాఫయీల ప్రకారం హైజ్ ఒక పగలూ రాత్రి నుండి 15 రోజుల వరకు. హనఫీ పద్ధతిలో స్రావం 10 రోజులు దాటితే, ఆ స్త్రీకి అలవాటైన రోజులే హైజ్, మిగిలినది ఇస్తిహాజా.

రక్తం ఆగడం లేదని ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) విన్నవించుకున్నప్పుడు, అది ఒక నరం నుండి వచ్చేదేగాని హైజ్ కాదనీ, హైజ్ రోజులు గడిచాక స్నానం చేసి నమాజు చేయమనీ దైవప్రవక్త (స) బోధించారు.

ఈ తేడా తెలియక కొందరు స్త్రీలు ఇరవై రోజులు రక్తం పోతున్నా నమాజు మాని, ఎవరికీ చెప్పక ఊరుకుంటారు. ఇది రెండు విధాలా నష్టం. విధిగా చేయవలసిన ఆరాధన తప్పిపోతుంది. వైద్యం అందవలసిన జబ్బు ముదురుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. చేలో కళ్ళు తిరిగితే, ఆయాసం వస్తే అది ఎండదెబ్బేనని సరిపెట్టుకోరాదు.

స్రావం 8 రోజులు దాటినా, గంటగంటకూ గుడ్డ మార్చవలసివచ్చినా, రెండు నెలసరుల నడుమ రక్తం కనిపించినా, నొప్పివల్ల పనికి లేవలేకపోయినా డాక్టరుకు చూపించాలి. ముట్లుడిగి ఏడాది గడిచాక ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయరాదు.

ఇరుగుపొరుగు ఆచారాన్ని చూసి ఆ రోజుల్లో స్త్రీని మూల కూర్చోబెట్టడం, ఆమె వంట ముట్టకపోవడం ఇస్లాం నేర్పినది కాదు. అల్‌బఖరా సూరా 222వ ఆయత్ దూరంగా ఉండమన్నది దాంపత్య సంబంధం విషయంలోనే. హజ్రత్ ఆయిషా (రజి) హైజ్‌లో ఉండగానే దైవప్రవక్త (స) ఆమె ఒడిలో తల ఆనించి ఖుర్ఆన్ పఠించేవారు. విడిచిన రోజాలు తర్వాత పూర్తిచేయాలి. హైజ్‌లో విడిచిన నమాజులకు ఖజా లేదు.

ప్రతి స్త్రీ నెలసరి మొదలైన తేదీ, ఆగిన తేదీ కేలెండరులో గుర్తుపెట్టుకోవడం మంచిది. మస్అలా చెప్పే ఆలిమ్ అడిగేదీ, రోగం కనుక్కునే డాక్టరు అడిగేదీ ఆ తేదీలే. తల్లులు ఈ విషయాలను, మొదటి రక్తం చూసి బిడ్డ బెదిరిపోకముందే ఆమెకు చెప్పి ఉంచాలి.