బిల్లు సున్నా... ఇల్లు చల్లన!

మే నెల వచ్చిందంటే నల్గొండలో ఎండ 45 డిగ్రీలు తాకడం మామూలే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. దాంతో ఏసీ... దాని వెనకే బిల్లు! ఈ రెండింటికీ విరుగుడే ‘నెట్ జీరో ఇల్లు’. ఏడాదికి ఎంత కరెంటు వాడుకుంటుందో అంతా తానే తయారుచేసుకునే ఇల్లన్నమాట. మరి మధ్యతరగతికి అది గిట్టుబాటవుతుందా?

ఊరంతా సోలారే!

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన కొండారెడ్డిపల్లి (ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా, వంగూరు మండలం) 2025లో పూర్తిస్థాయి సౌరగ్రామమైంది. 480 ఇళ్ల మీద మూడేసి కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టారు. మిగులు కరెంటును గ్రిడ్‌కిస్తే యూనిట్‌కు రూ.5.25 వస్తుంది. అక్కడ కేంద్ర రాయితీకి కంపెనీ సామాజిక బాధ్యత నిధులూ తోడయ్యాయి. సొంత డబ్బు పెట్టుకునేవారి లెక్క వేరు.

మూడు కిలోవాట్లకు ఖర్చు సుమారు రూ.2 లక్షలు. 2024లో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకం కింద రూ.78 వేలు తిరిగొస్తాయి. కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు 360 యూనిట్లు. అంత కరెంటుకు బిల్లు దాదాపు రూ.2,300. అంటే, నాలుగున్నరేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చినట్టే. ప్యానెళ్లేమో పాతికేళ్లు పనిచేస్తాయి.

అయితే ‘గృహజ్యోతి’ కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు అందుకునే ఇంటికి ఈ తొందర లేదు. ఆ గీత దాటకుండా చూసుకోవడమే వాళ్లకు లాభం. దాటితే మొత్తం బిల్లూ కట్టాల్సిందే!

ముందు గోడలు... తర్వాతే ప్యానెళ్లు

గంటకు యూనిట్ చొప్పున ఏసీ రోజూ ఏడు గంటలు నడిస్తే నెలకు 210 యూనిట్లు. ఆ అవసరాన్ని తగ్గించేది ఇంటి ప్లానే. పొడవాటి గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండాలి. పడమటి ఎండ పడకగది గోడను తాకకుండా ఆ వైపున మెట్లు, స్నానాలగది, స్టోర్‌రూమ్ వేసుకోవచ్చు. కిటికీలకు వెడల్పాటి సజ్జలు, పడమర ఓ వేపచెట్టు, స్లాబు మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూత... ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. నాలుగు ఫ్యాన్లు రోజూ పదేసి గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు ఆదా.

ఇలా వాడకం 240 యూనిట్లకు దిగితే రెండు కిలోవాట్లే సరిపోతాయి. మూడో కిలోవాట్‌కు అదనంగా అందే రాయితీ రూ.18 వేలే కాబట్టి, దాన్ని తప్పించుకుంటే జేబులో సుమారు రూ.40 వేలు మిగిలినట్టే.

మందపాటి గోడల పాత మట్టి మిద్దెల్లో మన పెద్దలు ఏసీ లేకుండానే ఎండాకాలాలు గడిపేశారు. కొత్త ఇంటికి ప్లాను గీయించేటప్పుడు వాస్తు చూసుకున్నట్టే ఎండ దిక్కూ చూసుకుంటే సరి!