కోళ్లు కంపెనీవి, షెడ్డు రైతుది: కరోనా సాయం ఎవరికి?

2020లో కరోనా వచ్చినప్పుడు అమెరికా ప్రభుత్వం అక్కడి రైతులకు ఏ విధంగా సొమ్ము అందించినదీ ఈ పూట చెప్పుకుందాం. ఆ దేశంలో రాష్ట్రం కింద ‘కౌంటీ’ అని ఉంటుంది, మన జిల్లా వంటిదనుకోండి. డెలవేర్ రాష్ట్రంలోని ససెక్స్ కౌంటీ సంగతి తీసుకుందాం. మొక్కజొన్న, సోయాచిక్కుడు పండే పల్లెసీమ అది. అయితే దానికి పేరు తెచ్చినవి బ్రాయిలర్ కోళ్లు.

ఆ మార్చి నెలలో హోటళ్లు, బడులు మూతబడినవి. సరుకు ఉన్నది, కొనేవాడు లేడు. ధరలు పడిపోయినవి. ఏప్రిల్ 17న ప్రభుత్వం ఒక సహాయ పథకం ప్రకటించి, రైతులకు నేరుగా ఇచ్చేందుకు 1,600 కోట్ల డాలర్ల వరకు కేటాయించినది. దరఖాస్తులు మే 26న మొదలు. సెప్టెంబరు 21 నుంచి రెండవ విడత, మరో 1,400 కోట్ల వరకు.

దరఖాస్తు పెట్టవలసినది కౌంటీలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసులో. ఏ పంట ఎన్ని ఎకరాలు వేసినదీ రైతులు ఏటా అక్కడ రాయించుకుంటారు. ఆ లెక్కే ఇప్పుడు అక్కరకు వచ్చినది. రెండవ విడతలో మొక్కజొన్నకు, సోయాకు ఎకరాకు తక్కువలో తక్కువ 15 డాలర్లు. ఒక్కరికి 2,50,000 డాలర్లు మించరాదు.

ఇక కోళ్ల సంగతి. దీనిని కొంచెం నిదానంగా వినండి. మన ఇంటిగ్రేషన్ షెడ్ల పద్ధతే అక్కడా ఉన్నది. పిల్లలు, మేత కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ, బ్యాంకు అప్పు రైతువి. 2020 ఏప్రిల్‌లో కోళ్లు కోసే ఫ్యాక్టరీకి పనివారు రాక, డెలవేర్, మేరీలాండ్ రాష్ట్రాల్లో ఒక కంపెనీ దాదాపు 20 లక్షల కోళ్లను షెడ్లలోనే చంపించవలసి వచ్చినది. బ్యాచికీ బ్యాచికీ నడుమ ఎడం పెరిగితే షెడ్డు ఖాళీ, అప్పు వాయిదా మాత్రం ఆగదు.

మరి ఈ రైతుకు సాయం అందినదా? రెండు విడతల్లోనూ లేదు. ధర పడితే నష్టపోయేది సరుకు సొంతదారు కదా, అతనికే ఇస్తామన్నారు. మాట తర్కానికి నిలుస్తుంది గాని, పని లేక పోయిన రాబడి కూడా నష్టమే కదండీ! 2020 డిసెంబరులో చేసిన చట్టం కాంట్రాక్టు పెంపకందారులకు దారి తెరిచినది. 2021 ఆగస్టులో నిబంధనలు ఖరారైనవి. 2020 రాబడిని 2018 లేదా 2019 రాబడితో పోల్చి, తగ్గినదానిలో 80 శాతం వరకు ఇచ్చుట. గడువు 2021 అక్టోబరు 12. అంటే షెడ్డు ఖాళీ అయిన ఏడాది దాటిన తర్వాతే చేతికి డబ్బు.

పోల్చాలంటే పాత లెక్క చేతిలో ఉండాలి. విస్తరణ సిబ్బందికి నా మనవి: షెడ్లు చూడబోయినప్పుడు కోళ్ల జబ్బుల గురించే గాక, ఒప్పందం నకలు, బ్యాచి లెక్క చీటీలు రైతు దగ్గర ఉన్నవా అని కూడా అడగండి. చాలామందికి ఆ నకలే ఉండదు.

అమెరికాలో చాలావరకు రైతు స్వయంగా రాసిచ్చిన అంకెలనే నమ్మి సొమ్ము చెల్లించారు, రుజువులు అడిగినప్పుడు చూపితే చాలన్నారు. అందువల్ల డబ్బు త్వరగా చేరినది. తనిఖీ ఇంకా గట్టిగా జరగవలసినదని ఆ దేశపు ప్రభుత్వ లెక్కల పరిశీలన సంస్థ 2022లో చెప్పినది.