మగ్గాల పేట నుంచి పరిశోధన పత్రికకు

షోలాపూర్ పద్మశాలీ పేటల్లో తరతరాలుగా ఇంటి మాట తెలుగు. అక్కడి నేత కులాలపై ఆర్.జి. కాకడే చేసిన సర్వేను 1947లో పుణేలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ ప్రచురించింది. పశ్చిమ భారత చేతివృత్తులపై డగ్లస్ హేన్స్ రాసిన చరిత్రను 2012లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. పేటలోనే పుట్టి, సొంత ఖర్చుతో చరిత్ర సేకరించే వ్యక్తికి అలాంటి సంస్థల అండ ఉండదు. అయినా ప్రచురణకు దారి మూసుకుపోలేదు. చాలా పరిశోధన పత్రికలు సంస్థ పేరు అడిగే చోట ‘స్వతంత్ర పరిశోధకులు’ అని రాస్తే ఒప్పుకుంటాయి. రచయిత పేరు దాచి వ్యాసాన్ని పరిశీలనకు నిపుణులకు పంపే పత్రికల్లో హోదా కంటే రాతకే విలువ.

బలమంతా ఆధారాల్లోనే ఉంటుంది. ఒక ఇంట్లో పాత కూలి లెక్కల పుస్తకం దొరికిందనుకుందాం: తేదీ, నేసిన చద్దర్లు, ముట్టిన కూలి, మిగిలిన బాకీ. ఆ ఇంటివారి అనుమతితో ప్రతి పుటా ఫొటో తీయాలి. అది ఎవరిది, ఏ కాలానిది అన్నదీ రాసుకోవాలి. ‘పెద్దలు చెప్పారు’ అంటే చాలదు. ఎవరు, ఎప్పుడు, తెలుగులోనా మరాఠీలోనా చెప్పారో ఉండాలి.

వ్యాసాన్ని ఒకసారి ఒకే పత్రికకు పంపాలి. డబ్బు కడితే రోజుల్లో అచ్చువేస్తామనే వాటికి దూరంగా ఉండాలి. నిజమైన పత్రికలు కొన్ని రుసుము అడిగినా, మినహాయింపు కోరవచ్చు. పుస్తకంగా తెస్తే ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. అది నాణ్యతకు ముద్ర మాత్రం కాదు. తిప్పి పంపిన వ్యాసంతో నిపుణుల వ్యాఖ్యలు వస్తే, వాటి ప్రకారం సరిదిద్ది మరో పత్రికకు పంపవచ్చు.