మా అమ్మ ఒప్పుకోని రాజశేఖరం

"ఈయననా?" అంది అమ్మ. ఫోన్ దగ్గరికి జరిగి మళ్లీ చూసింది. "గీయన రాజశేఖరమా?"

శనివారం సాయంత్రం. ఎల్లారెడ్డిలో మా ఇల్లు. వానకు కరెంటు పోయింది. నా ఫోన్‌లో డెబ్బై శాతం చార్జింగ్ ఉంది. అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయి పదిరోజులు. కొన్నాళ్లు పుస్తకం పట్టుకోవద్దని డాక్టర్ చెప్పారు. కాసేపు సినిమా చూస్తే పర్లేదన్నారు కదా అని, ఆమెకి ప్రాణమైన 'సెక్రటరీ' యూట్యూబ్‌లో పెట్టి, ఫోన్‌ని చెంబుకు ఆనించాను. యద్దనపూడి సులోచనారాణి నవలని అమ్మ కనీసం ఆరుసార్లు చదివింది. సినిమా మాత్రం ఒక్కసారీ చూడలేదు. 1976లో అది విడుదలైనప్పుడు తనకి ఎనిమిదేళ్లు. నవల చేతికొచ్చేనాటికి థియేటర్లలో సినిమా లేదు, ఇంట్లో టీవీ లేదు.

తెర మీద అక్కినేని నాగేశ్వరరావు నవ్వుతున్నారు.

"మంచిగనే ఉన్నడు గని బిడ్డా, నా రాజశేఖరం గిట్ల ఉండడు."

నలభై ఏళ్లుగా మనసులో మోస్తున్న మనిషి ఒక్క షాట్‌తో మారడు. మీరూ ఏదో ఒక పుస్తకం విషయంలో ఈ బాధ పడే ఉంటారు. 2024లో 'వుదరింగ్ హైట్స్' సినిమాకి మార్గో రాబీ, జేకబ్ ఎలార్డీని తీసుకున్నారని చెప్పగానే ఇంటర్నెట్ ఎంత గోల చేసిందో గుర్తుంది కదా. ఎమిలీ బ్రాంటే 1847లో రాసిన నవలలో హీత్‌క్లిఫ్ నల్లనివాడు, ఆ రంగు వల్లే అవమానాలు పడతాడు. పద్దెనిమిదేళ్లకే చనిపోయే కేథరిన్ పాత్రకి ముప్పై నాలుగేళ్ల హీరోయిన్. అప్పుడు నేనూ నాలుగు పోస్టులు షేర్ చేశాను. అదే ఫిర్యాదు మా అమ్మ ఏ ట్రెండింగూ లేకుండా చెంబు ముందు కూర్చుని చేసింది.

ఆమె లెక్కలో రాజశేఖరం ఆరడుగులు ఉండాలి. తక్కువ మాట్లాడాలి. వయసు ముప్పై దాటి ఉండొచ్చు, నలభై మాత్రం దాటొద్దు. సినిమా నాటికి ఏఎన్నార్‌కి యాభై దాటాయి. అమెరికాలో గుండె ఆపరేషన్ అయి రెండేళ్లు కూడా కాలేదు. పక్కన జయంతిగా చేసిన వాణిశ్రీకి ముప్పై నిండలేదు.

"మరి ఎవరైతే బాగుండేది?" అన్నాను.

"శోభన్‌బాబు అయితే జర నయం," అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అంటే ఈ కాస్టింగ్ ఎప్పుడో అయిపోయింది, మాకే చెప్పలేదు.

ఆ రాత్రి కరెంటు వచ్చాక కూర్చుని వెతికాను. ఉద్యోగం అలాంటిది. ఎక్కడైనా తప్పు అవుట్‌పుట్ కనబడితే ఇన్‌పుట్ ఏమిటో చూడకుండా నిద్ర పట్టదు.

ఇన్‌పుట్ 1971లో దొరికింది. ఆ ఏడాది కోడూరి కౌసల్యాదేవి నవల 'ప్రేమనగర్' సినిమాగా వచ్చింది. నిర్మాత డి.రామానాయుడు, దర్శకుడు కె.ఎస్.ప్రకాశరావు, జంట ఏఎన్నార్, వాణిశ్రీ. డబ్బున్న జమీందారు కుర్రాడు, అతని దగ్గర సెక్రటరీగా చేరే ఆత్మాభిమానం ఉన్న అమ్మాయి. సినిమా విపరీతంగా ఆడింది. అప్పటికి నష్టాల్లో ఉన్న రామానాయుడిని నిలబెట్టింది. తమిళంలో శివాజీ గణేశన్, హిందీలో రాజేశ్ ఖన్నా అదే పాత్ర చేశారు. తమిళంలోనూ హీరోయిన్ వాణిశ్రీయే. ఐదేళ్ల తర్వాత అదే నిర్మాత, అదే దర్శకుడు 'సెక్రటరీ' తీయాలనుకున్నప్పుడు జంటని మార్చడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? ప్రొడక్షన్‌లో బాగా నడుస్తున్న కోడ్‌ని మా టీమ్‌లో కూడా ఎవరూ ముట్టుకోరు. కాపీ చేసి పేరు మారుస్తారు.

అది తప్పని అనను. ఒక నవలకి లక్షమంది పాఠకులు ఉంటే రాజశేఖరాలు కూడా లక్షమంది ఉంటారు. అందులో ఏ ఒక్కడిని తెచ్చినా మిగతావాళ్లు ఒప్పుకోరు. అలాంటప్పుడు అందరికీ ముందే ఇష్టమైన మొహం పెట్టేస్తే గొడవ తగ్గుతుంది. పాత్రకి నటుడు దొరకడం కాదు, నటుడి ఇమేజ్‌లోకి పాత్రని దింపడం. 1970ల్లో యద్దనపూడి నవలలు ఒకదాని వెంట ఒకటి ఇలాగే తెరకెక్కాయి. 'విజేత' నవల 1972లో 'విచిత్రబంధం' అయింది, మళ్లీ ఏఎన్నార్, వాణిశ్రీ. 1973లో 'జీవన తరంగాలు', శోభన్‌బాబు, వాణిశ్రీ. (ఈ రెండో సంగతి చెప్తే అమ్మ మొహం వెలిగింది. "జూసినవా మరి" అంది, తన సెలక్షన్ పాసైనట్టు.)

అసలు సినిమావాళ్ల కన్నా ముందే ఒక కాస్టింగ్ జరిగిపోయేది. సీరియల్‌తో పాటు పత్రికలో బొమ్మ వచ్చేది. బాపు లాంటి వాళ్లు గీసిన ఆ జడ, ఆ కళ్లు, సగం తిరిగి నిలబడ్డ ఆ పొడుగు మనిషి. వారం వారం, నెల నెలా అవి చూస్తూ చదివిన పాఠకురాలికి కథానాయకుడి ఎత్తు ఆ గీతల్లోనే ఖరారయ్యేది. గీతకి వయసు రాదు. హీరోకి వస్తుంది.

ఇమేజ్‌కి ఎదురు వెళ్లి గెలిచిన కాస్టింగ్ మనకి లేదా అంటే ఉంది. అదీ ఏఎన్నార్‌దే కావడం తమాషా. 1953 'దేవదాసు' మొదలైనప్పుడు ఆయన జానపద చిత్రాల హీరో. కత్తి తిప్పే మనిషి శరత్ 1917 నవలలోని తాగుబోతు జమీందారు కొడుకుగా ఏం పనికొస్తాడని చాలామంది పెదవి విరిచారు. హిందీలో కె.ఎల్.సైగల్ చేసేసిన పాత్ర అది, పోలిక తప్పదు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య ఆయన్నే పెట్టి, తాగిన సన్నివేశాలు రాత్రిళ్లు తీశారు. కళ్లు నిద్రలేమితో వాలిపోయి ఉండాలని. పార్వతిగా సావిత్రి. మిగతాది మీకు తెలుసు, ప్రేమలో ఓడిన ప్రతివాడినీ మనం ఇవాళ్టికీ ఏ పేరుతో పిలుస్తున్నామో చూడండి. 1974లో కృష్ణ, విజయనిర్మల అదే కథ మళ్లీ తీస్తే జనం ఒప్పుకోలేదు. అప్పటికి దేవదాసు మొహం ఫిక్సయిపోయింది.

కానీ విజయనిర్మల గురించి ఒక మాట చెప్పకుండా వదల్లేను. 1973లో యద్దనపూడి 'మీనా'ని ఆమె తెలుగులో తన మొదటి దర్శకత్వంగా ఎంచుకున్నారు. మీనా పాత్ర కూడా తనే వేశారు. రాసింది ఒక స్త్రీ, తీసింది ఒక స్త్రీ, నటించిందీ ఆమే. యాభై ఏళ్ల కిందట. 2016లో 'అ ఆ' వచ్చినప్పుడు, అమ్మ కట్టడిలో పెరిగిన డబ్బున్న పిల్ల పల్లెటూళ్లో బావ ఇంటికి వెళ్లడం చూసి, ఇది 'మీనా' కదా అని పాత పాఠకులు వెంటనే పట్టేశారు. మా హాస్టల్‌లో సమంత చీరల గురించి మాట్లాడుకుంటుంటే, ఫోన్‌లో అమ్మ కథ మొత్తం చెప్పేసింది. ఆమె ఇంకా సినిమా చూడనేలేదు.

అన్నిట్లో నాకు నచ్చిన కాస్టింగ్ నిర్ణయం మాత్రం కన్నడది. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'ని సునీల్ కుమార్ దేశాయి 1995లో 'బెళదింగళ బాలె'గా తీశారు. చెస్ ఆటగాడిగా అనంత్ నాగ్. హీరోయిన్‌ని మాత్రం ఎక్కువగా ఫోన్‌లో వినబడే గొంతుగానే ఉంచారు. పాఠకుడి ఊహతో గొడవ పెట్టుకోకుండా ఉండటానికి ఇంతకన్నా తెలివైన దారి నాకు కనబడలేదు.

ఆదివారం పొద్దున టీ తాగుతూ ఇదంతా అమ్మకి చెప్పాను. విని, "గవన్నీ సరే," అంది. "నువ్వు రాజశేఖరం గురించే అడుగుతున్నవు. నేను ఆయన కోసం చదివిన్ననుకున్నవా?"

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్లు. రెండేళ్లలో నాలుగు సంబంధాలు వద్దన్నాను. నవలలు చదివిన నువ్వు నాకు ఫొటోలు, ప్యాకేజీలు చూపిస్తావేంటని అమ్మ మీద చాలాసార్లు అరిచాను. ఆ నవలలే ఆమెని చెడగొట్టాయని, ఆమె ఇంకా కారు దిగే హీరో కోసమే వెతుకుతోందని నా థియరీ.

"నాకు జయంతి కావాలె," అంది అమ్మ. "బామ్మతోటి ఉంటది, నౌకరి ఎతుక్కుంటది, బ్యాగు ఏసుకొని పోతది. గది."

అప్పుడు బయటపడింది. టెన్త్ అయ్యాక 1985లో అమ్మ కామారెడ్డిలో టైపింగ్ నేర్చుకుందట. ఇన్‌స్టిట్యూట్ బస్టాండుకి దగ్గర్లోనే. పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా గంటకి పైగా. పక్క సందులో నవలలు అద్దెకిచ్చే కొట్టు, రోజుకి పావలా. వెళ్లేటప్పుడు సగం, వచ్చేటప్పుడు సగం చదివి, మర్నాడు తిరిగిచ్చేసేది. లోయర్ పాసైంది. హయ్యర్‌కి ఫీజు కట్టింది. పరీక్షకి ఇరవై రోజుల ముందు పెళ్లి.

"నాయన వద్దన్నాడా?"

"ఎవ్వలు వద్దనలే. ఎవ్వలు అడగలే."

ఇరవై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు ఈ సంగతి తెలియదు. ఇంజినీరింగ్‌కి హైదరాబాద్ పంపించాలా వద్దా అని ఇంట్లో వాదన జరిగినప్పుడు, అసలేం మాట్లాడని అమ్మ ఒక్కసారి లేచి "పోతది" అని వంటింట్లోకి వెళ్లిపోవడం గుర్తొచ్చింది.

"మరి వాణిశ్రీ నచ్చిందా?"

కాసేపు ఆలోచించింది. "మంచిగ చేసింది. గని ఆ చీరలు, ఆ కొప్పు... గంత తయారై బస్సెక్కితె లింగంపేట రాకముందే నలుగుతది." తర్వాత ఇంకో మాట అంది. ఆ పుస్తకాల్లో మనలాగా మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదట. అందుకే చదివేటప్పుడు జయంతి మాటల్ని తనే మన భాషలోకి మార్చుకుని చదివేదట. సినిమాల్లో మన యాస ఎవరికి ఇచ్చేవాళ్లో తెలిసిందే కదా, కమెడియన్‌కో రౌడీకో.

2017లో 'ఫిదా' వచ్చినప్పుడు మేమంతా కామారెడ్డి వెళ్లి చూశాం. శేఖర్ కమ్ముల కథ పెట్టింది మా పక్కనే ఉన్న బాన్సువాడలో. సాయిపల్లవి నోరు తెరవగానే హాలంతా ఈలలు. ఆ అమ్మాయి తమిళనాడు నుంచి వచ్చింది, తన డబ్బింగ్ తనే చెప్పుకుంది. పెదవి విరవడానికి మాకు బోలెడు కారణాలున్నాయి, ఎవరూ విరవలేదు. అమ్మ సినిమా అయిపోయే దాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. ఆ పట్టు ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఏసీకి చలి అనుకున్నాను.

యద్దనపూడి 2018లో కాలిఫోర్నియాలో చనిపోయారు. ఓటీటీ వాళ్లు పాత నవలల హక్కులు కొంటున్న రోజులివి, 'సెక్రటరీ' ఎవరో ఒకరు మళ్లీ తీస్తారని నా నమ్మకం. రాజశేఖరంగా ఎవరు అని మనం ఇన్‌స్టాలో పోల్స్ పెట్టుకుంటాం, నేనూ ఓటేస్తాను. అమ్మని అడిగితే "ఆయన ఎవలైతె ఏంది" అంది. జయంతికి మాత్రం షరతు ఉంది. బస్సులో నిలబడి పుస్తకం చదవడం వచ్చిన పిల్ల కావాలట.

మధ్యాహ్నం నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు మెయిల్ కొడుతుంటే వచ్చి పక్కన నిలబడింది. "జర ఇటియ్యి." ఎడమచేతి నాలుగు వేళ్లు ఏ, ఎస్, డి, ఎఫ్ మీద పెట్టింది, కుడిచేతివి వాటి చోటికి అవే వెళ్లాయి. చూడకుండా తన పేరు కొట్టింది. ఒక్క అక్షరం తప్పు పోయింది. "మిషన్‌కైతె గట్టిగ కొట్టాలె, గిది మరీ మెత్తగున్నది," అని నా వైపు తోసేసింది.

సినిమా ఇంకా సగం కూడా కాలేదు. దసరాకి వచ్చినప్పుడు మిగతాది చూద్దామంది. నలభై ఒకటో నిమిషం దగ్గర ఆపి పెట్టాను.