పాత ఇంటి శ్లాబ్ కారుతోందా? కోటింగ్ వేయించే ముందు ఇవి చూసుకోండి

వాన పడితే చాలు.. పాత డాబా ఇళ్లలో శ్లాబ్ కారడం మామూలే. చాలామంది పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించి ఊరుకుంటారు. అన్నిసార్లూ అది సరిపోదు.

కోటింగ్ ఎప్పుడు చాలు?
సీలింగ్‌కి చెమ్మ మాత్రమే ఉంటే. ముందు పగుళ్లు పూడ్చి, నీళ్లు నిలవకుండా వాటం సరిచేయాలి. ఆ తర్వాతే కోటింగ్.

ఎప్పుడు ప్రమాదం?
పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తుంటే. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీట్‌ను పగలగొడుతుంది. పైపైన సిమెంట్ పూస్తే లోపల తుప్పు ఆగదు.

నీళ్లు నిలిపి టెస్ట్ చేయొచ్చా?
ఇలాంటి శ్లాబ్‌పై వద్దు. 5 సెంటీమీటర్ల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు.

మరేం చేయాలి?
ఆ గది వాడకం ఆపి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించాలి. రిపేర్ చాలా, కొత్త శ్లాబ్ కావాలా అన్నది తుప్పు చువ్వలను ఎంత తినేసిందో చూశాకే తేలుతుంది.