పసిగుడ్డుకు ఆ సూది వద్దనకండి!

‘నిన్ననే పుట్టిన పసిగుడ్డుకు సూదెందుకండీ?’ అని కొందరు తల్లిదండ్రులు వద్దంటుంటారు. తొడకు వేసే ఆ సూది టీకా కాదు, విటమిన్‌-కె. సాధారణంగా 1 మిల్లీగ్రాము. రక్తం గడ్డకట్టాలంటే ఇది ఉండాలి. కడుపులో ఉండగా మాయ ద్వారా బిడ్డకు అందేది చాలా తక్కువ. తల్లిపాలలోనూ కొంచెమే. బాలింత ఆకుకూరలు తిన్నంత మాత్రాన ఈ లోటు తీరదు. అలాగని పాలు మానొద్దు, సూది వేయించండి చాలు.

2013లో అమెరికాలోని నాష్‌విల్‌లో నలుగురు శిశువులు రక్తస్రావంతో ఆసుపత్రిలో చేరారు. నలుగురికీ పుట్టినప్పుడు ఈ సూది పడలేదు, ఇంట్లోవాళ్లే వద్దన్నారు. దీనితో క్యాన్సర్‌ వస్తుందన్న భయం కొందరిది. 1990ల మొదట్లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనంతో మొదలైన అనుమానమది. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో అది నిలవలేదు.

చిక్కేమిటంటే, బిడ్డ చక్కగా పాలు తాగుతూ పెరుగుతుండగానే, 2 నుంచి 12 వారాల మధ్య హఠాత్తుగా మెదడులో రక్తస్రావం కావచ్చు. ఆరు నెలల వరకూ ముప్పు ఉంటుంది. బొడ్డు, ముక్కు నుంచి రక్తం, ఒంటిపై కమిలిన మచ్చలు, విడవని మగత, పాలిపోవటం, వాంతులు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. సూది వేశారో లేదో గుర్తులేదా? డిశ్ఛార్జి కాగితం చూడండి. అందులో లేకపోతే పిల్లల డాక్టర్‌ను ఇవాళే అడగండి.