12,692 మందికి కోటు కుట్టించాలంటే

2025 మే 1న బెంగళూరులో వీధులు ఊడ్చే 12,692 మంది పౌరకార్మికులకు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పర్మనెంటు నియామక పత్రాలు ఇచ్చారు. వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. తరాల కిందట ఆంధ్ర ప్రాంతం నుంచి వలసొచ్చి, ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడే దళిత కుటుంబాలూ చాలానే ఉన్నాయి. ఇంతమందికి యూనిఫాం ఇవ్వాలంటే ఎంత సరుకు కావాలి?

యూనిఫాం కోటు మనిషికి రెండేసి అనుకుంటే 25,384. నెలకో జత చేతి తొడుగులంటే ఏడాదికి 1,52,304 జతలు. ప్రారంభోత్సవంలో ఫొటో పడేది కోటుకే, కానీ స్టాకు రిజిస్టరును నింపేది మాత్రం తొడుగులే.

అసలు చిక్కు సైజులతో. కోటు చీర మీద వేసుకుంటారు కాబట్టి నడుము దగ్గర కుచ్చిళ్ల మందం కూడా కలిపి కొలవాలి. షర్టు సైజుల పట్టీ చూసి ఆర్డరిస్తే గుండీ పట్టదు. అలా నూటికి నాలుగు తిరిగొచ్చినా వెయ్యికి పైగా కోట్లు మార్చాలి. టేపు పట్టుకుని, హాజరు తీసుకునే మస్టరింగ్ కేంద్రానికి వెళ్లి కొలవడం అంతకంటే చవక.

మనుషులూ మారుతుంటారు. రిటైర్మెంట్లు వచ్చే 20 ఏళ్ల మీద సమానంగా పడతాయనుకుంటే ఏటా సుమారు 635 మంది వెళ్లిపోతారు. వయసులు అంత సమానంగా పరుచుకుని ఉండవు కనుక ఒక్కో ఏడాది ఇది రెట్టింపూ కావచ్చు. ఏడాదికొకసారి టెండరు పిలిచే పద్ధతిలో, వాళ్ల స్థానంలో మధ్యలో చేరినవాళ్లు పాత చీరలోనే ఊడవాలి. ప్రతి సైజులో కొన్ని అదనంగా ఉంచడం తప్ప దీనికి వేరే మందు లేదు.

2025 సెప్టెంబరులో బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వీపు మీద పాత పేరు అచ్చేసిన కోట్లుంటే ఒక్క రోజులో పాతబడ్డట్టే. పేరును విడిగా కుట్టే బ్యాడ్జి మీద వేయిస్తే ఆ నష్టం ఉండదు. రెయిన్‌కోట్లకు లెక్క వేరు: ఊళ్లో ఎక్కువ వాన కురిసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అక్టోబరు దాటాక అందితే మూలన పడటానికే.

ఇంకో సంగతి. చెత్త ఆటోల డ్రైవర్లు, హెల్పర్లు ఈ 12,692లో లేరు. వాళ్లను పెట్టుకున్నది కాంట్రాక్టర్లు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు మాత్రం చెత్త ముట్టే ప్రతి కార్మికుడికీ యూనిఫాం, మెరిసే జాకెట్, తొడుగులు, రెయిన్‌కోటు, తగిన పాదరక్షలు, మాస్కు అందాలన్నాయి. కాబట్టి ఇండెంటు రాసేటప్పుడు జీతాల పట్టీ చాలదు. తెల్లవారుజామున హాజరు తీసుకునే చోట నిలబడ్డ తలలు లెక్కబెట్టాలి.